ఎవరూ నొక్కని బటన్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నేను కాదనను. కానీ ఇప్పుడు చెప్పబోయే ఆ వానాకాలంలో మాత్రం నా కోపానికి కారణం ఉంది. నేను చేశానని నాకే తెలియని ఒక పనికి నన్ను నా కుర్చీలోంచి లేపబోయారు.

ఆ కుర్చీ రాజమండ్రిలో ఒక నర్సరీ వాళ్ళ ఆఫీసులో ఉండేది. తోట కడియంలో, ఆఫీసు ఇక్కడ మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పైన. రెండు గదులు, మూడు బల్లలు, గోడ నిండా మొక్కల ఫొటోల క్యాలెండర్లు. బీకాం చదివి, పెళ్ళయి, మా అమ్మాయి బడికి వెళ్ళడం మొదలుపెట్టాక నేను కంప్యూటర్‌లో అకౌంట్స్ ప్యాకేజీ నేర్చుకున్నాను. ఆ చదువుతోనే అక్కడ చేరాను. ఇంట్లో నేను ఎవరో ఒకరి భార్యను, ఎవరో ఒకరి కోడలిని. ఆ కుర్చీలో కూర్చుంటే మాత్రం ఎక్కడో నాగపూర్ నుంచి ఫోన్ చేసినవాడు కూడా "మేడమ్ ఉన్నారా?" అని నాకోసం అడిగేవాడు. అది నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది.

ఒక్క విషయం మాత్రం ఆ కుర్చీతో పాటే అంటుకుని వచ్చింది. ఆఫీసులో ఒక మూల గ్యాసు పొయ్యి, టీ సామాను ఉండేవి. నేను చేరిన రోజున ఎవరో పెద్దమనిషి వచ్చారు. ఓనరు గారు పొయ్యి వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. నేనే లేచి టీ పెట్టాను. మర్నాడూ అంతే. టీ నా పని అని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నేను ఒక మాట అనేదాన్నేమో. చెప్పలేదు కాబట్టి అది నా పని అయిపోయింది.

ఓనరు గారు చెడ్డవారేం కాదు. తెల్ల లాల్చీ, చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు, నన్ను "అమ్మాయ్" అని పిలిచేవారు. మొక్క గురించి ఏది అడిగినా చెబుతారు గానీ కంప్యూటర్ అంటే దేవుడి పటం ముందు నిలబడ్డట్టు నిలబడేవారు. దాని మాట అబద్ధం అవుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆ కంప్యూటర్‌లో మాకోసం వెబ్ పేజీ తయారు చేసింది ఆయన అన్నగారి కొడుకు. దాదాపు నా వయసువాడే. రాజమండ్రిలోనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్నాడు. మర్యాదస్తుడు. నన్ను "మేడమ్" అనేవాడు, నేను "సార్" అనేదాన్ని.

అంతకుముందు ఆర్డర్లన్నీ ఫోన్లలోనే నడిచేవి. మొక్కలు కొనే పార్టీ మాకు చెబితే మేము తోటకు ఫోన్ చేసి చెప్పేవాళ్ళం. తోటలో షెడ్డు దగ్గర గాలికి సగం మాటలే వినపడేవి. మందారం అంటే మరొకటి పంపేవారు. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఆ బాధ లేకుండా ఈ పేజీ పెట్టారు. నేను ఇక్కడ పార్టీ పేరు, కింద వరసగా మొక్క పేరు, సైజు జాబితాల్లోంచి మౌస్‌తో ఎంచుకుని, ఎన్ని కావాలో టైప్ చేసి "పంపు" అనే బటన్ నొక్కితే, కడియంలో షెడ్డులో ఉన్న ప్రింటరు మీద చీటీ వస్తుంది. మేస్త్రి ఆ చీటీ చూసి మొక్కలు తీయిస్తాడు. చక్కటి ఏర్పాటు. మొదటి నెలంతా అందరం మురిసిపోయాం.

తొలకరి పడి లోడ్లు మొదలయ్యాక గొడవ వచ్చింది. వానలప్పుడే కదా ఊళ్ళన్నీ మొక్కలు నాటేది. రోజూ లారీలు. ఒకరోజు తోట నుంచి మేస్త్రి ఫోన్ చేశాడు, ఒక పార్టీకి పామ్ మొక్కలు రెండింతలు తీశాం, లారీలో పట్టడం లేదు, ఏం చెయ్యమంటారని. నేను రెండింతలు రాయలేదు. మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకో పార్టీ, అదే తంతు.

ఎందుకు రెండింతలయ్యాయో మేస్త్రిని అడిగితే, "రెండు చీటీలు వచ్చాయండి మేడమ్ గారూ" అన్నాడు. అతని తప్పేం లేదు. కడియంలో ఒక అలవాటు ఉంది. పార్టీలు పొద్దున ఒక ఆర్డరు చెప్పి, లారీలో ఇంకా చోటుందని తెలిసి మధ్యాహ్నం ఇంకొంత చెబుతారు. అందుకని ఒకే పేరు మీద రెండో చీటీ వస్తే అది అదనపు ఆర్డరని లెక్క. ఎవరూ అడగరు, తీసేస్తారు. ఇంకో అలవాటు కూడా ఉంది. లారీలో ముందు ఎక్కించేవి పెద్ద మొక్కలు కాబట్టి, పార్టీలు ఆర్డరు చెప్పేటప్పుడు కూడా పెద్దవే ముందు చెబుతారు. క్రోటన్లు, పూలమొక్కలు చివర. రెట్టింపైనదెప్పుడూ ఆర్డరులో మొదట చెప్పిన మొక్కే, అంటే పెద్ద మొక్కే.

పెద్ద మొక్క అంటే కవరులో పెరిగేది కాదు. నేలలో ఏళ్ళ తరబడి పెరిగినదాన్ని చుట్టూ తవ్వి, వేళ్ళ దగ్గర మట్టిముద్ద విడిపోకుండా గోనెపట్టతో కట్టి పైకి తీస్తారు. తీశాక అది ప్రయాణం చెయ్యాలి, లేదా చావాలి. మళ్ళీ అదే గుంటలో పెడితే బతికేవి కొన్నే.

మూడోసారి సంపెంగలు. ఒక పార్టీ అరవై అడిగితే, తోటలో నూట ఇరవై తీసేశారు. ఓనరు గారు తోటకు వెళ్ళి చూసి వచ్చారు. ఆ రోజు ఆయన గొడుగు కూడా విప్పుకోలేదు, తడిసిపోయి వచ్చారు. షెడ్డు నీడన గోనెపట్టల్లో అరవై సంపెంగలు వరసగా నిలబెట్టి ఉన్నాయట, కొన్ని అప్పుడే ఆకు రాలుస్తున్నాయట. ఆ చెట్లు నాటిన రోజు ఆయనకు గుర్తుంది. నాకూ బాధేసింది. కానీ ఆ తర్వాత ఆయన అన్న మాటకు ఒళ్ళు మండిపోయింది.

"అమ్మాయ్, నువ్వు రెండేసి సార్లు నొక్కుతున్నావు."

"నేను నొక్కలేదండి."

"కంప్యూటర్ దానంతటది నొక్కుకుంటుందా ఏంటి?"

"నేను మాత్రం నొక్కలేదండి."

ఇలా ఆ నెలలో ఆయనతో నేను అనడం మూడోసారి. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, చాలా నెమ్మదిగా, ఒకటో తారీఖు నుంచి తమ బంధువుల అమ్మాయి ఒకామె వస్తుందని, ఆర్డర్లు ఆమె చూసుకుంటుందని చెప్పారు. నేను అకౌంట్స్ మటుకు చూసుకోవచ్చట. అకౌంట్స్ వారానికి రెండు పూటల పని. అంటే కుర్చీ పోయినట్టే. ఆ సాయంత్రం ఆటోలో ఇంటికి వెళ్తూ ఏడ్చాను. ఉద్యోగం పోతుందని కాదు, లెక్క తప్పే మనిషినని పేరు పెట్టి పంపిస్తున్నందుకు. తోటలో అప్పటికే నవ్వుకుంటున్నారు. అంతకుముందు రోజే ఏదో ఆర్డరు పంపి ఫోన్ చేస్తే మేస్త్రి, "ఈసారి ఒక చీటీయేనాండి మేడమ్ గారూ?" అన్నాడు. అతని వెనక మొక్కలు కట్టేవాళ్ళు పకపకా నవ్వారు.

నేనేం చేశానో నాకు తెలుసు. వానలో నెట్ పోతూ ఉండేది. అప్పుడప్పుడు ఫోన్‌లో పార్టీ చెబుతుంటే టైప్ చేస్తున్న పేజీ ఠక్కున ఖాళీ అయిపోయేది. నెట్ పోయి వచ్చింది కాబోలు అనుకుని, పార్టీని బతిమాలి మొదట్నించీ మళ్ళీ చెప్పించుకునేదాన్ని. మళ్ళీ టైప్ చేసేటప్పుడు నాకు చిరాకు వచ్చేది. చిరాకొస్తే నేను నెమ్మదిగా, ఒక్కో గడి మౌస్‌తో నొక్కుకుంటూ పని చేస్తాను. అంతా అయ్యాక బటన్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి నొక్కేదాన్ని. కాబట్టి తప్పు పేజీదే అని నా నమ్మకం.

మర్నాడు ఆ పేజీ తయారు చేసినాయనకు ఫోన్ చేసి కడిగేశాను. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"మేడమ్, బటన్ నొక్కితేనే వెళ్తుందండి. వేరే దారి నేను రాయలేదు."

"అయితే నేను అబద్ధం ఆడుతున్నానంటారా?"

"అయ్యో, అలా అనలేదండి."

అనకపోయినా అదే అర్థం. అయినా వచ్చాడు, పాపం. ఆ వానలోనే స్కూటర్ మీద వచ్చి, తల తుడుచుకుని, నా కుర్చీలో కూర్చుని ఒక ఆర్డరు టైప్ చేశాడు. మౌస్‌తో ఒక గడి, మళ్ళీ మౌస్‌తో ఇంకో గడి. చివర బటన్. తోటకు ఫోన్ చేస్తే ఒకటే చీటీ వచ్చిందన్నారు. ఇంకోసారి చేశాడు. ఒకటే చీటీ. ఓనరు గారు అవతలి బల్ల దగ్గర పేపరు చదువుతున్నారు. పేపరు ఇటు నుంచి అటు తిప్పారు, అంతే. ఆ చప్పుడు నాకు చెంపదెబ్బలా తగిలింది. కాసేపటికి ఆయన కింద ఎవరితోనో పని ఉండి వెళ్ళారు.

నేను కుర్చీ లాక్కున్నాను. "సార్, మీరు నా వెనక కూర్చోండి. ఒక్క మాట మాట్లాడకండి. ఫోన్ వచ్చేదాకా ఇక్కడే ఉండండి" అన్నాను. ఆయనకు వేరే పనులుండి ఉంటాయి. నా ముఖం చూసి కూర్చున్నాడు.

ఫోన్ త్వరగానే వచ్చింది. ఒరిస్సా వైపు పార్టీ. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను. ఆయన చెబుతున్నాడు, నేను టైప్ చేస్తున్నాను. ఫైకస్, పెద్ద సైజు, నలభై. పేజీ ఠక్కున ఖాళీ అయింది.

"చూశారా!" అని అరిచాను. అవతల ఒరిస్సా ఆయన హడలిపోయి ఉంటాడు. "చూశారా సార్, పోయింది! నేనేం నొక్కానో చెప్పండి."

తిరిగి చూస్తే ఆయన స్క్రీన్ వైపు చూడడం లేదు. నా కుడి చెయ్యి వైపు చూస్తున్నాడు.

"మేడమ్, నలభై అని కొట్టాక మీరు ఎంటర్ నొక్కారు."

"లేదండి."

"నొక్కారండి. చూశాను."

నా చెయ్యి నేనే చూసుకున్నాను. చిటికెన వేలు ఇంకా ఎంటర్ మీదే ఉంది. అప్పుడు అర్థమైంది. అకౌంట్స్ ప్యాకేజీలో ఒక గడి అయ్యాక రెండో గడిలోకి వెళ్ళాలంటే ఎంటరే. అందులో మౌస్‌తో పనే ఉండదు. పేరు, ఎంటర్. సంఖ్య, ఎంటర్. ఆ ప్యాకేజీ నేర్చుకున్నవాళ్ళెవరికైనా అంతే, అది నొక్కడం కింద లెక్కే కాదు. ఊపిరి పీల్చానని ఎవరైనా చెబుతారా? చెవిలో ఫోన్ ఉండి, బుర్ర పార్టీ మాటల మీద ఉన్నప్పుడు చెయ్యి దాని పాత దారిన అది పోయేది. ఫోన్ లేనప్పుడో, చిరాగ్గా, జాగ్రత్తగా చేసినప్పుడో పోయేది కాదు.

ఆయన ఒరిస్సా పార్టీకి మళ్ళీ ఫోన్ చేస్తామని నాతో చెప్పించి, తోటకు ఫోన్ చేశాడు. చీటీ వచ్చిందట. ఒక్కటే లైను, ఫైకస్ నలభై. తవ్వొద్దని చెప్పాడు. ఇన్నాళ్ళూ ఆ తర్వాత నేను మొదట్నించీ మళ్ళీ కొట్టి పంపితే, అదే మొదటి లైనుతో మొత్తం ఆర్డరు రెండో చీటీగా వెళ్ళేదన్నమాట. తర్వాత స్క్రీన్ కిందికి జరిపి చూపించాడు. అట్టడుగున, మా చిన్న మానిటర్‌లో ఎప్పుడూ కనపడని చోట, సన్నటి అక్షరాల్లో "ఆర్డరు చేరింది" అని ఉంది.

"ఎంటర్ కొడితే ఎందుకు వెళ్ళింది సార్? మీరు రాయలేదన్నారు కదా?"

ఆయన తల గోక్కున్నాడు. "నేను రాయలేదండి. పేజీలు తయారు చేసే ఈ ఫ్రేమ్‌వర్క్‌లో పేజీ మొత్తం ఒకటే ఫారం కింద లెక్క. గడిలో ఉండగా ఎంటర్ కొడితే ఏం చెయ్యాలో మనం చెప్పకపోతే, అందులో ఉన్న మొదటి బటన్ నొక్కేశామని అనుకుంటుంది. మన పేజీలో మొదటి బటన్ పంపేదే."

"అలా అనుకోమని దానికి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు అది చేసే పని అది. డిఫాల్ట్ అంటాం."

నేను నొక్కలేదన్నది నా వరకు నిజం. ఆయన రాయలేదన్నది ఆయన వరకు నిజం. మధ్యలో అరవై సంపెంగలు పైకొచ్చేశాయి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన మీద ఉన్న కోపం మాత్రం ఎటు పోయిందో పోయింది.

అంతలో ఓనరు గారు మెట్లెక్కి వచ్చారు. అన్నగారి కొడుకు జరిగింది చెప్పాడు. ఎంటర్ సంగతి, ఫారం సంగతి, తోటలో వచ్చిన ఒక లైను చీటీ సంగతి. ఓనరు గారు అంతా విని, చాలా తేలికపడ్డట్టు ఒక నిట్టూర్పు విడిచారు.

"అంటే నొక్కింది మా అమ్మాయేగా."

ఏమంటాను? మూడుసార్లు నొక్కలేదని గట్టిగా చెప్పిన మనిషిని. వేలు నాదే. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. గదిలో ఎవరూ మాట్లాడడం లేదు, బయట వాన చప్పుడు తప్ప. ఇప్పుడు ఎవరూ ఏమీ అనకపోతే విషయం అక్కడితో తేలిపోతుందని, తప్పు నా పేరు మీదే ఉండిపోతుందని నాకు తెలుస్తూనే ఉంది.

"కాదు బాబాయ్ గారూ" అన్నాడు ఆయన. "పేజీ నాది. ఎంటర్ కొడితే ఏం చెయ్యాలో దానికి నేను చెప్పాలి. చెప్పలేదు. చెప్పకపోతే ఏం చేస్తుందో తెలుసుకోవాల్సింది కూడా నేనే. మేడమ్ ఏ తప్పూ చెయ్యలేదు."

"సరేలేరా, ఇందులో ఏముంది. అమ్మాయ్, ఇక మీదట ఎంటర్ నొక్కకు. సరిపోతుంది."

"ఆవిడ అలవాటు మార్చుకోనక్కర్లేదండి. పేజీ నేను మారుస్తాను."

అక్కడే కూర్చుని మార్చాడు. భోజనానికి కూడా వెళ్ళలేదు. మధ్యాహ్నానికి ఎంటర్ కొడితే పక్క గడిలోకి వెళ్ళడం మొదలైంది. ఒరిస్సా పార్టీకి నేనే ఫోన్ చేసి, రిసీవరు భుజాన ఇరికించుకుని, ఆర్డరు మొత్తం ఎంటర్ల మీద పరిగెత్తించాను. ఎక్కడా పేజీ పోలేదు. చివర బటన్ నొక్కాను. "ఆర్డరు చేరింది" అన్నది ఇప్పుడు పైనే, పెద్దగా, పచ్చగా కనపడింది. ఒక చీటీ వచ్చిందని షెడ్డు నుంచి చెప్పారు.

ఓనరు గారు పేపరు తీశారు. ఒకటో తారీఖు గురించి ఒక్క మాట లేదు. నేను చాలాసేపు చూశాను. వాన వెలిసింది. కింద మందుల షాపు ముందు ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు.

"ఒకటో తారీఖున వస్తానన్న అమ్మాయి సంగతేంటండి?" అని అడిగేశాను.

"ఇంకెందుకమ్మా. వద్దని చెప్తాలే."

కుర్చీ దక్కింది. అక్కడితో ఊరుకునే మనిషినైతే ఊరుకునేదాన్ని.

"తోటలో కూడా చెప్పండి."

"వాళ్ళకెందుకమ్మా ఇదంతా? వాళ్ళకే తెలుస్తుంది మెల్లగా."

"తెలియదండి. మీరేం చెప్పకపోతే ఆ అరవై సంపెంగలు నేనే పీకించానని అనుకుంటారు. అలాగే అనుకుంటూ ఉండిపోతారు."

ఆ మాట కోపం లేకుండా, నెమ్మదిగా అన్నాను. ఆయనకు అది తెలిసిందనుకుంటాను. పేపరు మడిచి బల్ల మీద పెట్టారు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆయన చూసే చోటు ఒకటుంది. పొయ్యి వైపు చూశారు. తర్వాత అలవాటుగా నా వైపు చూశారు.

నేను లేవలేదు.

ఎవరం ఏమీ అనలేదు. నా రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. చివరకు ఆయన చెయ్యి చాచి నా ముందున్న ఫోన్ తన వైపు లాక్కుని తోట నంబరు కొట్టారు. షెడ్డులో ఎవరెత్తినా వినపడదు కాబట్టి ఎప్పటిలాగే గట్టిగా మాట్లాడారు.

"మేస్త్రీ, ఆ సంపెంగల సంగతి. అది మావాడి పేజీలో వచ్చిన పొరపాటు. ఆ, మావాడిదే. మేడమ్ గారిది కాదు. ఏంటి? వినపడలేదా? మేడమ్ గారి తప్పు లేదంటున్నాను! అక్కడున్న అందరికీ చెప్పు."

నన్ను ఆయన మేడమ్ అనడం అదే మొదలు. రెండోసారి ఇంకా గట్టిగా అన్నారు, కింద షాపులో వాళ్ళక్కూడా వినపడేట్టు. నేను తల వంచుకుని కీబోర్డు చూస్తున్నాను. అక్షరాలు అలుక్కుపోయి కనపడ్డాయి.

ఫోన్ పెట్టేశాక అన్నగారి కొడుకు లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. అగ్గిపెట్టె వెతుక్కుని వెలిగించి, గిన్నెలో పాలు పోశాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు.

"పంచదార ఎక్కడుందండి?"

"పై అరలో. ఎర్ర మూత డబ్బా" అని కూర్చున్న చోటు నుంచే చెప్పాను.

టీలో పంచదార బాగా ఎక్కువైంది. ఓనరు గారు ఏమీ అనకుండా తాగారు. నేనూ తాగాను.